పోరడు జవాబు జెప్తడని

పాటలు తెలిసినవాణ్నని నాకు చాలాకాలం గట్టి నమ్మకం. ఆ నమ్మకమే నా చేత మూర్ఖపు పని చేయించింది. తెలియక చేసిందయితే ఇంతగా రాయాల్సిన పని లేదు. తెలియనివాడు అడుగుతాడు, తెలుసుకుంటాడు. నాకు పాట రాసిందెవరో తెలుసు, ఏ సినిమాలో వచ్చిందో తెలుసు, బాణీ కట్టిందెవరో, పాడిందెవరో తెలుసు. అదే పాటని చిన్నప్పటి నుంచి ముసలితనం దాకా మోసుకొచ్చిన మనిషి నా ఎదుట కూర్చుని పాడుతుంటే, ఆమెకి పాట సరిగ్గా రాదనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. దిద్దాను.

ఆ పాట ‘పల్లెటూరి పిల్లగాడా’. తెలంగాణలో పుట్టిపెరిగిన వాళ్లకి పరిచయం అక్కర్లేదు. సుద్దాల హనుమంతు రాశారు. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగాక, జనం ‘సంఘం’ అని పిలుచుకున్న ఆ మహాసభ నల్లగొండ పల్లెల్లో వేళ్లూనుకుంది. ఆ కాలంలో జనం మధ్య తిరిగిన కవి ఆయన. కాగితం మీద రాసి అచ్చుకిచ్చి ఊరుకునే రకం కాదు, స్వయంగా గొంతెత్తి పాడే మనిషి. బుర్రకథ, గొల్లసుద్దులు, ఫకీరు వేషం, ఇలా జనానికి అలవాటైన కళారూపం ఏది ఉంటే అందులోకి వెట్టిచాకిరీ గోడుని ఒంపి ఊరూరా తిప్పారు. ఈ పాట ఒక పసుల కాపరి పిల్లవాణ్ని పలకరిస్తుంది. ఒంటి మీది బట్ట గురించి, కాలి జోడు గురించి, జీతం గురించి, యజమాని గురించి ఒక్కొక్కటే అడుగుతుంది. ప్రశ్న మీద ప్రశ్న, అంతే. కోపంగా అరిచే పాటల మధ్య ఇది పిల్లవాడి పక్కన చతికిలబడి అడిగే పాట. అందుకే ఇన్నేళ్లయినా వింటే గొంతు పూడుకుపోతుంది.

ఆ పిల్లవాడు ఊహలోంచి పుట్టినవాడు కాదు. తండ్రి చేసిన అప్పుకి కొడుకుని జీతానికి పెట్టడం ఆనాటి పల్లెల్లో మామూలు. అప్పు ఎంత తీరిందో దొర దగ్గరి కాగితం చెప్పాలి. ఆ కాగితం చదవడం తండ్రికి రాదు. నిజాం ప్రభుత్వం ఇలాంటి భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి 1936లో నిబంధనలు తెచ్చింది గానీ, ఊళ్లో దొర నోటిమాటే చట్టమైన చోట అవి అక్కరకు రాలేదు. పదేళ్ల తర్వాత, 1946 జూలై 4న, కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకి నేలకొరిగాడు. అక్కణ్నుంచి 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించేదాకా జరిగింది చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఈ పాట ఆ చరిత్రలో ఒక పసివాడి పక్షాన నిలబడింది.

1979లో ఇది ‘మాభూమి’ సినిమాలోకి వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తీసిన మొదటి కథాచిత్రమది. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. సంగీతం వింజమూరి సీత. జానపద గేయాలకు పేరుపడ్డ వింజమూరి సోదరీమణుల్లో ఆవిడ ఒకరు, దేవులపల్లి కృష్ణశాస్త్రికి మేనకోడలు. ‘పల్లెటూరి పిల్లగాడా’ని సంధ్య పాడారు. అదే సినిమాలో పోరాట కాలపు మరో కవి బండి యాదగిరి పాట ‘బండెనక బండి కట్టి’ని గద్దర్ తెర మీద తానే కనిపించి పాడారు. అప్పటిదాకా కొన్ని జిల్లాల్లో, కొన్ని కుటుంబాల్లో, పాత కార్యకర్తల గొంతుల్లో మిగిలిన పాటలు ఆ సినిమాతో తెలుగునాట ప్రతి మూలకీ చేరాయి. ఎంత చేరాయంటే, ‘బండెనక బండి’ అనగానే చాలామంది గద్దర్ పాట అంటారు. బండి యాదగిరి పేరు చెప్తే ఒక క్షణం ఆగి చూస్తారు.

నేను మొదటిసారి విన్నది సినిమాలోనే. కాలేజీ రోజుల్లో ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేస్తే చూశాను. బయటికొచ్చాక నారాయణగూడ చౌరస్తా దాకా ఎవరం మాట్లాడుకోలేదు. తర్వాత క్యాసెట్ సంపాదించాను. టేపు సాగి గొంతు వణికేదాకా విన్నాను. నా లెక్కలో పాటంటే అదే. అదే వేగం, అదే ఎత్తుపల్లం, అదే ఆడపిల్ల గొంతు. అంతకు ముందు ఆ పాటకి ముప్పై ఏళ్లకు పైబడిన జీవితం ఉందన్న సంగతి నాకు సమాచారంగా తెలుసు. చెవికి తెలియదు.

ఆ సమాచారమే నాకు బతుకుతెరువైంది కూడా. బర్కత్‌పురలో ఉంటూ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో తెలంగాణ చరిత్ర చెప్తాను. రాష్ట్రం వచ్చాక గ్రూప్స్ పరీక్షల్లో ఉద్యమ చరిత్రకి పెద్దపీట పడింది. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ చెట్ల కింద, మెట్ల మీద, అరుగుల మీద కూర్చుని చదివే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. వాళ్లలో చాలామంది నా తరగతిలో కూర్చున్నవాళ్లే. జతపరచండి అని బోర్డు మీద రెండు వరుసలు రాసేవాణ్ని. ఒకవైపు పాటలు, ఇంకోవైపు కవులు. ‘పల్లెటూరి పిల్లగాడా’ సుద్దాల హనుమంతుకి, ‘బండెనక బండి’ బండి యాదగిరికి గీత గీయాలి. తప్పు గీస్తే మార్కు పోయింది. గీత సరిగ్గా పడితే పాట వచ్చేసిందని వాళ్లకీ అనిపించేది, నాకూ అనిపించేది.

ఆ రోజుల్లోనే ఒక ఎండాకాలం, మా పైవాటాలో ఉండే ఆయన తల్లి ఊరి నుంచి వచ్చింది. కంట్లో శుక్లాలకి ఆపరేషన్ అయింది. మోత్కూరు వైపు పల్లె. బర్కత్‌పుర నుంచి యాదగిరిగుట్టకి బస్సులుంటాయి కాబట్టి ఆ పక్క ఊళ్ల వాళ్లకి మా పేట కొత్త కాదు. సాయంత్రం ఎండ తగ్గాక డాబా మీద ఆడవాళ్లంతా చేరేవారు. ఆమె నల్లద్దాలు పెట్టుకుని చింతపండు ముందేసుకుని గింజలు తీసేది. కన్ను సరిగ్గా ఆనదు, అయినా చేతికి తెలుసు. బొటనవేలితో పొట్టని చీల్చడం, గింజ జారి ఇత్తడి తాంబాళంలో టక్కుమని పడడం, ఈనె లాగి అవతల వేయడం, ఇదంతా చూడకుండానే నడిచిపోయేది.

ఒకరోజు ఆమె కూనిరాగం తీస్తుంటే విన్నాను. ‘పల్లెటూరి పిల్లగాడా’. ప్రాణం లేచొచ్చినట్టయింది. కుర్చీ లాక్కుని దగ్గర కూర్చున్నాను. ఆమె పాడుతున్నది మాత్రం నా పాటలా లేదు. క్యాసెట్లో గొంతు పైకి లేచే చోట ఈమె కిందికి దిగింది. సాగదీయాల్సిన చోట మామూలు మాటలా అనేసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక ప్రశ్న పాడి ఆగిపోయింది. రెండు గింజలు పళ్లెంలో పడ్డాయి. అప్పుడు తర్వాతి ప్రశ్న. మళ్లీ ఆగింది. మళ్లీ గింజలు. మరిచిపోయి తడుముకుంటోందనుకున్నాను. వయసు మీద పడింది గదా అని జాలిపడ్డాను.

మూడో ప్రశ్న దగ్గర ఆగగానే తర్వాతి మాట నేనే అందించాను. అందించి ఊరుకోక, “అవ్వా, ఆ రాగం అట్లా కాదు, ఇట్లా” అని సినిమాలో ఉన్నట్టు ఒక చరణం పాడి చూపించాను. పాట బాగానే పాడతాను. చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకున్నారు. ఆమె చేతులు ఆపి, తల ఇటు తిప్పి విన్నది.

“మంచిగ పాడినవు సారూ” అంది.

“మీరు మధ్యమధ్యల మరిచిపోతున్నరు అవ్వా. నేను రాసిచ్చి మీ కోడలుతోటి చదివిపిస్త” అన్నాను.

“మర్సిపోలే బిడ్డా. పోరడు జవాబు జెప్తడని ఆగిన.”

ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు. ఎక్కకపోగా నవ్వి, పాఠం చెప్పాను. “ఇందులో జవాబులుండవు అవ్వా. అన్నీ ప్రశ్నలే. అదే ఈ పాట గొప్పతనం.” తరగతిలో నేనెప్పుడూ చెప్పే మాటే. నోట్సులో కూడా ఉంటుంది. ఆమె సరేనన్నట్టు తలూపి చింతపండు మీదికి వంగింది. ఆ తర్వాత నా ముందు పాడలేదు.

ఆమె అన్నదాని అర్థం నాకు చెప్పలేదు. మా ఆవిడకి చెప్పింది. నాలుగు రోజులు పోయాక వంటింట్లో మాటల మధ్య మా ఆవిడ ఆ సంగతి ఎత్తితేనే నాకు తెలిసింది. అప్పట్లో సంఘం వాళ్లు రాత్రిళ్లు ఊళ్లోకి వచ్చి పాడేవారట. పిల్లలందరినీ ముందు వరుసలో కూర్చోబెట్టేవారట. ఈ పాట ఎత్తుకున్నప్పుడు పాడేవాడు ఒక ప్రశ్న పాడి, దొర దగ్గర జీతం చేసే పిల్లల వైపు చూసి ఆగేవాడట. మొదట్లో సిగ్గుపడి ఎవరూ పలికేవారు కాదట. ఆ తర్వాత ఒకడు పలికాడు. రెండేళ్లయిందన్నాడు. ఇంకొకడు నాకు చెప్పులే లేవన్నాడు. ఆమె తమ్ముడు కూడా అందులో ఉన్నాడు. వాడు జవాబు చెప్పిన రోజు వాళ్లమ్మ అక్కడే కూలబడి ఏడ్చిందట. అప్పటిదాకా వాడి కష్టం ఇంట్లో అందరికీ తెలిసిందే. నలుగురిలో వాడి నోటి నుంచి వచ్చాకే అది కష్టమని తల్లి ఒప్పుకుంది. ఆ పాట ఎవరు రాశారో ఆమెకి తెలియదు. “సంగపోళ్ల పాట” అనేవారట. ఆ తమ్ముడు పెద్దయ్యేదాకా బతకలేదు.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పాటలో జవాబులుండవని నేను ఎంతమంది పిల్లలకి చెప్పాను! జవాబు పాటలో రాసి ఉండకపోవడానికి కారణం, అది వినేవాడి దగ్గర ఉండడమే. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఆ పిల్లవాడి కోసం చోటు వదిలిపెట్టారు. సినిమాలో ఆ చోటు ఉండదు, ఉండడానికి వీల్లేదు. చీకటి హాల్లో కూర్చున్నవాడు తెరకి జవాబు చెప్పడు. అందుకని పాట ఆగకుండా సాగుతుంది, ప్రశ్నలన్నీ కలిసి ఒకే దుఃఖంగా మారి మన మీదికి వస్తాయి. ఆమె ఆగిన చోటు నాకు మతిమరుపులా కనబడింది. నిజానికి పాటలో అన్నిటికన్నా గట్టిగా గుర్తున్న చోటు అదే.

మర్నాడు వెళ్లి క్షమించమని అడగాలనుకున్నాను. కానీ ఆ మాట నోరు దాటలేదు. “అవ్వా, మల్ల ఒకసారి పాడుతవా” అన్నాను. “నువ్వు పాడితివి గదా సారూ, గదే మంచిగున్నది” అంది. వెటకారం లేదు. నిజంగానే నా పాట సరైనదని నమ్మేసినట్టుంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చదువుకున్నవాడు, సారు, క్యాసెట్ విన్నవాడు, సినిమా చూసినవాడు ఇట్లా కాదని చెప్తే, తన చెవిన పడ్డది తప్పేమో అనుకునే వినయం వాళ్లకి ఉంటుంది. ఆ వినయాన్ని నేను వాడుకున్నాను. కొద్ది రోజులకి కంటి పరీక్ష అయిపోయి ఊరికి వెళ్లిపోయింది. సంచి పట్టుకుని బస్సు దాకా నేనే వెళ్లాను. జేబులో ఫోన్ ఉంది. బస్సు కదిలే లోపల బోలెడంత సమయం ఉంది. ఆమెని పాడమని ఇంకోసారి అడగలేదు. తర్వాతి సంక్రాంతికి వెళ్దామనుకున్నాను. అంతకు ముందే పోయింది.

ఇంతటితో బుద్ధి వచ్చి ఉంటే బాగుండేది. నా రెండో మూర్ఖత్వం ఇక్కడే మొదలైంది, మొదటిదానికంటే ఇదే పెద్దది.

అప్పటిదాకా సినిమా పాటే అసలు అనుకున్నవాణ్ని, ఒక్కసారిగా అటు తిరిగాను. సినిమా పాట నకలు అనడం మొదలుపెట్టాను. పోరాటంలో పుట్టినదాన్ని స్టూడియోలో మెత్తగా చేశారన్నాను. తరగతిలో ఆ మాట ఎంత ఆవేశంగా చెప్పేవాణ్నంటే, పిల్లలు పెన్నులు ఆపి వినేవారు. ఒక సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏదో సంస్థ వాళ్ల కార్యక్రమంలో ఒక అమ్మాయి ‘పల్లెటూరి పిల్లగాడా’ పాడింది. సినిమాలో ఉన్నట్టే పాడింది, కన్నీళ్లు వచ్చేలా పాడింది. నాకు మాత్రం కోపం వచ్చింది. కార్యక్రమం అయ్యాక బయట మెట్ల దగ్గర ఆ అమ్మాయిని ఆపి, నువ్వు పాడింది సినిమా నకలమ్మా, అసలు పాట అట్లా ఉండదు అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. ఆసక్తిగా చూసింది. “అసలుది మీకొస్తదా సార్? ఒక్కసారి పాడి చూపిస్తే నేర్చుకుంట” అని ఫోన్ తీసి, రికార్డు నొక్కి నా ముందు పట్టింది.

నాకు నోరు పెగల్లేదు. ఆగేచోటు తెలుసు. ఆ బాణీ తెలియదు. గొంతు కిందికి దిగిందని తెలుసు, ఎంత దిగిందో తెలియదు. ఆమె పాడిన కొద్ది నిమిషాలూ నా చెవుల్లో క్యాసెట్టే మోగుతోంది, ఆమె పాట నాలోకి దిగనే లేదు. పాత పాట ఉందని చెప్పుకోవడానికి పనికొచ్చానే గానీ, దాన్ని అందించడానికి పనికిరాలేదు. బస్సు దగ్గర నేను చేయాల్సిన పని ఈ అమ్మాయి అడక్కుండానే చేస్తోంది. నాకు రాదమ్మా అని ఒప్పుకుని ఇంటికొచ్చాను.

అప్పుడు ప్రశాంతంగా ఆలోచించాను. ఒకే పాట రెండు గొంతుల్లో నిలవడం కొత్త కాదు. ‘నీలి మేఘాలలో’ పాట ఉంది. 1961లో వచ్చిన ‘బావా మరదళ్లు’ సినిమాలోది. ఆరుద్ర రాశారు, పెండ్యాల నాగేశ్వరరావు బాణీ కట్టారు. దాన్ని ఘంటసాల పాడారు, ఎస్. జానకి కూడా పాడారు. మా ఇంట్లో దాని మీద ఎప్పుడూ గొడవ లేదు. నాన్నకి ఘంటసాలది ఇష్టం, అమ్మకి జానకిది ఇష్టం. ఒకటి అసలనీ ఇంకోటి నకలనీ ఎవరం అనుకోలేదు. రెండూ రికార్డు మీద ఉన్నాయి కాబట్టి రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. మనసు ఎటు పోతే అది వినొచ్చు.

బయటి ప్రపంచంలో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. డాలీ పార్టన్ అనే అమెరికన్ గాయని, చాలాకాలం కలిసి పనిచేసిన పోర్టర్ వాగనర్ నుంచి విడిపోతున్నప్పుడు ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అని ఒక పాట రాసుకుంది. 1974లో విడుదలై అక్కడి కంట్రీ పాటల్లో మొదటి స్థానానికి వెళ్లింది. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా కోసం విట్నీ హ్యూస్టన్ దాన్ని నల్లవాళ్ల సోల్ సంగీతపు గొంతుతో పాడితే అమెరికా పాటల పట్టికలో 14 వారాలు అగ్రస్థానంలో ఉంది. లోకంలో ఎక్కువమందికి అది విట్నీ పాటే. కానీ డాలీ పాట పోలేదు. ఆ రికార్డు ఉంది, పేరు ఉంది, హక్కు ఉంది. అంతకు ముందు ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నప్పుడు అతని మేనేజరు పాట హక్కుల్లో సగం రాసిమ్మంటే ఆవిడ ఇవ్వనంది. ఇవ్వలేదు కాబట్టే, విట్నీ పాట మోగిన ప్రతిచోటా రాసినావిడకీ వాటా చేరింది.

నల్లగొండ పల్లెల పాటకి ఆ రికార్డూ లేదు, ఆ హక్కూ లేదు. 1940లలో ఆ పాట ఏ ఊళ్లో ఎలా పాడారో మనకి వినిపించే రికార్డు లేదు. హక్కుల మాట ఎవరికీ తట్టను కూడా లేదు. జనం కోసం రాశారు, జనానికే వదిలేశారు. హనుమంతు 1982లో కన్నుమూశారు. ఆయన కుమారుడు సుద్దాల అశోక్ తేజ సినీకవిగా జాతీయ పురస్కారం అందుకున్నారు కాబట్టి ఆ ఇంటిపేరు మన చెవుల్లో నిలిచింది. బండి యాదగిరికి ఆ మాత్రం ఆసరా కూడా లేదు. వాళ్ల పాటల్ని ఊరూరా మోసిన పేరులేని గొంతులకి అసలేమీ లేదు.

కాబట్టి సినిమా దోపిడీ చేసిందా? నేను అన్న ఆ మాటే నా రెండో మూర్ఖత్వం. ‘మాభూమి’ తీసినవాళ్లు ఆ పాటల కోసం వెతికారు, గౌరవంగా వాడారు. ఆ సినిమా రాకపోయి ఉంటే నా బోర్డు మీద ఆ పాట పేరే ఉండేది కాదు. త్యాగరాయ గానసభలో ఆ అమ్మాయి పాడేది కాదు. డాబా మీద అవ్వ కూనిరాగం తీసినప్పుడు, ఏదో పల్లె పాటలే అని నేను కుర్చీ లాక్కునేవాణ్ని కూడా కాదు. సినిమా పాటే నన్ను ఆమె దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడికి చేరాక చెవి మూసుకున్నది నేను.

వింజమూరి సీత బాణీ ఒక రాత్రి, ఒక ఊరి జనం కోసం కట్టింది కాదు. ఆ పిల్లవాణ్ని ఎప్పుడూ చూడని వాళ్లకి, నగరంలో కూర్చున్న నాలాంటి వాళ్లకి అతని బతుకు చేరవేయడానికి కట్టింది. ఆ పని నెరవేరింది, నేనే సాక్ష్యం. సంఘం వాళ్ల పాట చేసింది వేరే పని. ఎదుట కూర్చున్న పిల్లవాడి నోరు తెరిపించాలి. అందుకు బాణీ ఎంత తక్కువ ఎత్తులో ఉంటే అంత మంచిది. పాట గొప్పగా ఉంటే పిల్లవాడు నోరు తెరుచుకుని వింటాడు, జవాబు చెప్పడు. ఒక పాట వినిపించడానికి, ఇంకోటి వినడానికి. ఏది అసలు అని అడిగినంతకాలం నాకు ఈ తేడా కనబడలేదు.

విజయం పొందిన పాటలో తప్పు లేదు. దాన్ని కొలబద్దగా పట్టుకుని మిగతా గొంతుల్ని కొలిచే మన అలవాటులో ఉంది. అందరికీ తెలిసిన పాట చెవిలో స్థిరపడ్డాక, అంతకు ముందు పాడినవాళ్లు తప్పు పాడుతున్నట్టు వినిపిస్తారు. మన అమ్మమ్మలు పాడే జోలపాటలో సినిమా రాగం వెతుకుతాం. బతుకమ్మ ఆడేచోట మైకులో మోగే రికార్డుకి తగ్గట్టు పెద్దవాళ్లని అడుగు మార్చుకోమంటాం. వాళ్లు మార్చుకుంటారు కూడా. అలా వాళ్ల పాట మన ఎదుటే పోతుంది. మన చేతుల మీదుగానే పోయిందని మనకి తెలియను కూడా తెలియదు.

ఇప్పుడు తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు నేను చెప్పే తీరు మారింది. సినిమా పాట పూర్తిగా వినిపిస్తాను. హనుమంతు పేరు, సీత పేరు, సంధ్య పేరు చెప్తాను. జతపరచడం ఎలాగూ పరీక్షకి కావాలి, అదీ చేయిస్తాను. ఆ తర్వాత, అవ్వ ఆగిన చోట్ల ఆగి, మాటలు మాత్రం చదివి వినిపిస్తాను. రాగం తీయను, నాకు రాని రాగాన్ని వచ్చినట్టు పాడను. మొదటి ప్రశ్న దగ్గర ఆగినప్పుడు గది ఇబ్బందిగా కదులుతుంది. మూడో ప్రశ్నకి ఎవరో ఒకరు మాట్లాడతారు. ఒకసారి జనగామ వైపు కుర్రవాడు లేచి, తన తాత దొర దగ్గర పసులు కాశాడనీ, ఆ మాట ఇంట్లో ఎప్పుడో విని మరిచిపోయాననీ అన్నాడు. పరీక్షలో అడగని సంగతి అది. ఆ రోజు తరగతి మొత్తానికి గుర్తుండిపోయింది అదే.

సెలవులకి ఊరెళ్లే పిల్లలకి ఒక మాట చెప్పి పంపుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఏ పాట పాడినా ఫోన్లో పట్టండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎక్కడ పాడేవారో అడగండి. పాడేటప్పుడు మధ్యలో అందుకోకండి. ఆగితే మీరూ ఆగండి. మరిచిపోయారో, కావాలని ఆగారో వాళ్లు పాడడం అయ్యాక అడగండి. సినిమాలో ఇలా లేదే అని మాత్రం అనకండి. కొందరు తెచ్చి వినిపిస్తున్నారు. నాట్ల పాటలు, తిరగలి పాటలు, పీర్ల పాటలు. వాటిలో కొన్నింటి బాణీ నాకు విచిత్రంగా ఉంటుంది, తప్పేమో అనిపిస్తుంది. ఆ అనిపించడం ఇంకా పోలేదు. దాన్ని నమ్మడం మాత్రం మానేశాను.

ఆ అవ్వ పాట ఇక రాదు. దానికి బదులు చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని అడిగినప్పుడు ఇవ్వలేకపోయినదాన్ని, ఇంకెవరి దగ్గరి నుంచైనా తెచ్చి ఇవ్వాలని వెతుకుతున్నాను. మోత్కూరు, గుండాల, ఆలేరు వైపు ఊళ్లలో ఆ రాత్రుల పాటలు విన్న మనుషులు ఎక్కడో ఇంకా ఉండే ఉంటారు. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లు ఉంటే, రేపటికి వాయిదా వేయకుండా ఇవాళే పాడమని అడగండి. పాడుతున్నంతసేపూ వాళ్ల పాటే వినండి.